హన్మకొండ నుంచి లండన్‌కు తక్కువ ఖర్చులో: గడప దాటిన దగ్గర్నుంచి గడప చేరే దాకా

భద్రకాళి గుడి నుంచి బయటికొచ్చి చెరువు కట్ట మీద నడుస్తుంటే అమ్మ అడిగింది: "అమ్మవారి కంట్లో ఉన్న రాయేనంట గదా బిడ్డా ఆ కోహినూరు. లండన్‌ల ఉందట. మనల్ని చూడనిస్తరా?"

చూడనిస్తారు. టికెట్ కొన్న ఎవరైనా చూడొచ్చు. ఆ రాయి మన అమ్మవారిదే అన్న మాటకు పాత రాతల్లో గట్టి ఆధారం లేదు కానీ, ఓరుగల్లులో పుట్టిన ప్రతివాళ్లూ చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన మాట అది. రిటైరైన టీచరమ్మ, పెన్షన్ డబ్బులు జాగ్రత్తగా దాచుకున్న మనిషి, జీవితంలో ఒక్కసారి అంత దూరం వెళ్లి చూసిరావాలనుకోవడంలో తప్పేముంది? మేమిద్దరం వెళ్లొచ్చాం. ఏడు రాత్రులు ఉన్నాం. ఇద్దరికీ కలిపి మూడు లక్షలకు కొంచెం లోపే అయింది. ఎక్కడ డబ్బు మిగిలిందో, ఎక్కడ వృథా అయ్యేదో వరుసగా రాస్తున్నాను. వరంగల్, కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, ఏ ఊరి వాళ్లకైనా ఈ లెక్క పనికొస్తుంది.

ముందే ఒక మాట. చాలామంది విమానం టికెట్ ఒక్కటే చూసి "చౌకగా దొరికింది" అనుకుంటారు. ఖర్చు మన ఇంటి గడప దాటినప్పుడు మొదలై, తిరిగి అదే గడప తొక్కినప్పుడు ముగుస్తుంది. మధ్యలో ఉన్న ప్రతి రూపాయినీ ఒకే కాగితం మీద రాసుకోండి. టికెట్లో ఆరు వేలు తగ్గి, ఎయిర్‌పోర్టులో రాత్రంతా పడిగాపులు పడి, హోటల్‌కు పదివేలు పెడితే అది చౌక కాదు.

1. పాస్‌పోర్ట్‌లో పేరు

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ మన తెలుగు వాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదే. మన సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాత పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది. అమ్మ పాస్‌పోర్ట్ అట్లాగే ఉండేది. రెన్యువల్ ఎట్లాగూ దగ్గర పడింది కాబట్టి అప్పుడే ఇంటిపేరు, పేరు విడదీయించాం. ఇక వీసా ఫారం, టికెట్, ఇన్సూరెన్స్ అన్నిట్లోనూ పాస్‌పోర్ట్‌లో ఉన్నది ఉన్నట్టు, అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఇంట్లో పిలిచే పేరు, ఉద్యోగంలో రాసుకునే పొట్టి పేరు ఎక్కడా వాడొద్దు.

కొత్త పాస్‌పోర్ట్ కోసం హైదరాబాద్ పోనవసరం లేదు. వరంగల్‌లో పోస్టాఫీసు పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది, నిజామాబాద్‌లో పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది. 36 పేజీల మామూలు పాస్‌పోర్ట్‌కు ఫీజు 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000 ఎక్కువ. ఆరు నెలల ముందే మేలుకుంటే ఆ రెండు వేలు మిగిలినట్టే.

2. ఎప్పుడు వెళ్లాలి

టికెట్ ధరను అన్నిటికన్నా ఎక్కువగా శాసించేది తేదీ. ఆగస్టు చివర్నుంచి సెప్టెంబర్ దాకా శంషాబాద్ నుంచి లండన్ వైపు విమానాలు మన పిల్లలతో నిండిపోతాయి. బ్రిటన్ యూనివర్సిటీల్లో పెద్ద బ్యాచ్ మొదలయ్యేది సెప్టెంబర్‌లోనే. జనవరిలో ఇంకో చిన్న బ్యాచ్ ఉంటుంది. చదువుకోడానికి వెళ్లేవాళ్లకు తప్పదు, చూడ్డానికి వెళ్లేవాళ్లు ఆ రోజుల్లో ఎందుకు పోటీ పడాలి? డిసెంబర్ 20 దాటాక క్రిస్మస్ ధరలు. జూలై, ఆగస్టుల్లో అక్కడి పిల్లలకు సెలవులు కాబట్టి హోటళ్లు మండిపోతాయి.

మిగిలినవి మూడు కాలాలు. నవంబర్ నుంచి డిసెంబర్ మొదటి పక్షం వరకు, జనవరి చివర నుంచి మార్చి వరకు టికెట్లు, హోటళ్లు రెండూ తగ్గుతాయి. కానీ చలి, ముసురు, డిసెంబర్‌లోనైతే మధ్యాహ్నం నాలుగింటికే చీకటి. పెద్దవాళ్లతో వెళ్తే రోజులో చూడగలిగే సమయం సగమే. మూడోది ఏప్రిల్ చివర నుంచి మే నెల. మన బడులకు వేసవి సెలవులు, అక్కడ ఎండ హాయిగా ఉంటుంది, రాత్రి ఎనిమిది దాకా వెలుతురు. టికెట్ చలికాలం కన్నా కొంచెం ఎక్కువే. మేము ఏప్రిల్ చివరి వారం ఎంచుకున్నాం. నాలుగైదు వేలు ఎక్కువ పోయినా ప్రతి రోజూ నాలుగు గంటల వెలుతురు ఎక్కువ దొరికింది. నా దృష్టిలో అది లాభమే.

వారంలో రోజు కూడా చూసుకోండి. శుక్ర, శని, ఆదివారాల కన్నా మంగళ, బుధవారాలు తరచుగా తక్కువకు వస్తాయి. రెండు రోజులు అటూ ఇటూ జరిపే వీలుంటే గూగుల్ ఫ్లైట్స్‌లో తేదీల పట్టిక తెరిచి మొత్తం నెల ధరలు ఒకేసారి చూడొచ్చు. ధర తగ్గితే కబురు పెట్టమని అలర్ట్ పెట్టుకోండి.

3. వీసా ముందు, టికెట్ తర్వాత

ఇక్కడ తొందర పడి చాలామంది నష్టపోతారు. బ్రిటన్ విజిటర్ వీసాకు ముందే కొన్న టికెట్ చూపించనవసరం లేదు. వీసా వచ్చేదాకా ప్రయాణం బుక్ చేసుకోవద్దని బ్రిటన్ ప్రభుత్వమే చెబుతుంది. వెళ్లాలనుకునే తేదీలు, ఉండబోయే చోటు, అయ్యే ఖర్చు అంచనా చెబితే చాలు. ఎవరైనా "టికెట్ కొంటేనే వీసా వస్తుంది" అంటే నమ్మకండి.

ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. గవ్ డాట్ యూకే వెబ్‌సైట్‌లో ఫారం నింపి, ఫీజు కట్టి, హైదరాబాద్‌లో వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ కేంద్రంలో వేలిముద్రలు, ఫొటో ఇచ్చి రావాలి. ఆరు నెలల వీసా ఫీజు 2025 ఏప్రిల్‌లో 127 పౌండ్లు అయింది. ఈ ఫీజు తరచూ పెరుగుతుంటుంది కాబట్టి కట్టే రోజున చూసుకోండి. మామూలుగా వేలిముద్రలు ఇచ్చాక మూడు వారాల్లో జవాబు వస్తుంది. పత్రాలు మీరే స్కాన్ చేసి అప్‌లోడ్ చేసుకుంటే ఖర్చు లేదు. కేంద్రంలో ప్రత్యేక లాంజ్, ఎస్ఎంఎస్ కబుర్లు, కొరియర్ అంటూ అడిగేవన్నీ ఇష్టమైతే తీసుకునే సేవలు, వద్దంటే వీసాకు ఏమీ కాదు.

వీసా అధికారి చూసేది రెండే విషయాలు. వెళ్లడానికి డబ్బు ఉందా, తిరిగి రావడానికి కారణం ఉందా. నా వైపు నుంచి ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్, జీతం స్లిప్పులు, కాలేజీ ఇచ్చిన సెలవు లెటర్, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు పెట్టాం. అమ్మ వైపు నుంచి పెన్షన్ కాగితాలు, పెన్షన్ జమయ్యే ఖాతా స్టేట్‌మెంట్, ఇంటి పన్ను రసీదు. నేను ఖర్చు పెడుతున్నానని ఒక లెటర్. పత్రాలు ఇంగ్లీషులో లేకపోతే సర్టిఫైడ్ ట్రాన్స్‌లేషన్ జత చేయాలి. తెలుగులో ఉన్న పట్టాదారు పాస్‌బుక్ అట్లాగే పెడితే అక్కడ చదివేవాళ్లు ఉండరు.

రైతు కుటుంబాల వాళ్లు ఒక విషయం ప్రత్యేకంగా చూసుకోవాలి. మన దగ్గర డబ్బు నెలనెలా రాదు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మినప్పుడో, పత్తి పోసినప్పుడో మూడు, నాలుగు లక్షలు ఒక్కసారి ఖాతాలో పడతాయి. దరఖాస్తుకు నెల రోజుల ముందు అంత మొత్తం హఠాత్తుగా కనిపిస్తే, వీసా కోసం అప్పు తెచ్చి చూపించారేమో అన్న అనుమానం వస్తుంది. అడ్తి దుకాణం ఇచ్చిన తక్‌పట్టీలు దాచిపెట్టండి. ఏ తేదీన, ఎన్ని బస్తాలు, ఎంత ధర పలికిందో ఆ చీటీ మీద ఉంటుంది. ఆ తేదీ, బ్యాంకులో జమైన తేదీ కలవాలి. దాంతోపాటు ఒక పేజీలో "ఈ మొత్తం పంట అమ్మిన డబ్బు" అని సూటిగా రాసి జత చేయండి. మా మేనమామ అట్లాగే చేశాడు, ఆయనకు మొదటిసారే వీసా వచ్చింది.

అక్కడ మీ వాళ్లెవరైనా ఉండి వాళ్లింట్లో దిగబోతున్నట్లయితే వాళ్ల పిలుపు లెటర్, వాళ్ల వీసా స్థితి, ఇంటి అగ్రిమెంట్ తెప్పించుకోండి. వీసా వచ్చాక అందులో పేరు, పుట్టిన తేదీ, తేదీల గడువు ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

4. టికెట్: ఒకే బుకింగ్, ఒకే పీఎన్ఆర్

హైదరాబాద్ నుంచి లండన్ హీత్రోకు బ్రిటిష్ ఎయిర్‌వేస్ నేరుగా నడుపుతుంది. పది గంటల పైన ప్రయాణం. ఒక చోట దిగి మారితే దుబాయ్ మీదుగా ఎమిరేట్స్, దోహా మీదుగా ఖతార్, అబుదాబి మీదుగా ఎతిహాద్, ఢిల్లీ లేదా ముంబై మీదుగా ఎయిర్ ఇండియా. మారి వెళ్లే టికెట్లు మామూలుగా తక్కువకు వస్తాయి, కానీ అన్నిసార్లూ కాదు. మేము చూసినప్పుడు నేరు విమానానికీ దోహా మీదుగా వెళ్లేదానికీ తేడా పదకొండు వేలు. ఇద్దరికి ఇరవై రెండు వేలంటే అక్కడ రెండు రాత్రుల పైన బస. అందుకే మారి వెళ్లాం. మోకాళ్లు అసలే సహకరించని పెద్దవాళ్లయితే నేరు విమానానికే పెట్టమంటాను.

ఇక నా సొంత అనుభవం. కొన్నేళ్ల కిందట ఒంటరిగా వెళ్లినప్పుడు, ఒక ఏజెంట్ మాట మీద హైదరాబాద్–ముంబై ఒక టికెట్, ముంబై–లండన్ వేరే టికెట్ కొన్నాను. ఆరు వేలు తగ్గింది. శంషాబాద్‌లో మొదటి విమానం మూడున్నర గంటలు ఆలస్యం. ముంబైలో దిగి, బ్యాగ్ బెల్టు దగ్గర నిలబడి, గోడ గడియారం చూస్తూ ఉన్నాను. నా నీలం బ్యాగ్ వచ్చేసరికి లండన్ విమానం కౌంటర్ మూసి పదిహేను నిమిషాలైంది. రెండూ వేర్వేరు టికెట్లు కాబట్టి మొదటి కంపెనీకి బాధ్యత లేదు, రెండో కంపెనీ లెక్కలో నేను రాని మనిషిని. వెళ్లే విమానం ఎక్కకపోతే తిరుగు టికెట్ కూడా రద్దయిపోతుందని ఆ రాత్రే తెలిసింది. కొత్త టికెట్‌కు పెట్టిన డబ్బు తీర్చడానికి ఐదు నెలలు పట్టింది.

అందుకే మొత్తం ప్రయాణం ఒకే బుకింగ్‌లో, ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలని పట్టుపడతాను. అప్పుడు మొదటి విమానం ఆలస్యమైనా తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత వాళ్లది, బ్యాగులు కూడా నేరుగా లండన్‌లోనే వస్తాయి. గల్ఫ్ ఎయిర్‌పోర్టుల్లో ఇట్లా ఒకే టికెట్ మీద లోపలే ఉండి మారితే ఆ దేశం వీసా అక్కర్లేదు. యూరప్ మీదుగా వెళ్లే టికెట్ చౌకగా కనిపిస్తే, భారత పాస్‌పోర్ట్‌కు ట్రాన్సిట్ వీసా కావాలేమో కొనేముందే ఎయిర్‌లైన్ సైట్‌లో చూసుకోండి.

మారే చోట రెండు నుంచి నాలుగు గంటలు ఉండేలా చూసుకోండి. గంటన్నర కన్నా తక్కువైతే పెద్దవాళ్లతో పరుగులు, టెన్షన్. ఎనిమిది గంటలు దాటితే అక్కడ తిండికే వేలు పోతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు బుకింగ్‌లోనే వీల్‌చైర్ అడగండి, దానికి డబ్బు తీసుకోరు. అమ్మను దోహాలో ఒక గేటు నుంచి ఇంకో గేటుకు వాళ్లే తీసుకెళ్లారు.

ధర పోల్చడానికి ఏ సైటైనా వాడండి. కొనడం మాత్రం ఎయిర్‌లైన్ సొంత సైట్‌లో కొనండి. తేదీ మార్చాల్సి వచ్చినా, విమానం రద్దైనా మధ్యలో ఇంకొకరిని బతిమాలుకునే పని ఉండదు. అతి తక్కువ ధర టికెట్లలో కొన్నిటికి చెక్-ఇన్ బ్యాగ్ ఉండదు, తర్వాత కొంటే ఆ తేడా అంతా తుడిచిపెట్టుకుపోతుంది. భోజనానికి ఏషియన్ వెజిటేరియన్ అని ముందే పెట్టండి. సీటుకు డబ్బు కట్టకుండా చెక్-ఇన్ తెరిచిన వెంటనే ఎంచుకోండి, పక్కపక్కన చాలాసార్లు దొరుకుతాయి.

పిల్లలున్న కుటుంబాలకు ఒక సంగతి. బ్రిటన్ నుంచి బయల్దేరే దూర విమానాల మీద ఆ దేశం ఎయిర్ ప్యాసింజర్ డ్యూటీ అని పెద్ద పన్ను వేస్తుంది. అది తిరుగు టికెట్ ధరలో కలిసే ఉంటుంది. ఎకానమీలో వెళ్లే 16 ఏళ్ల లోపు పిల్లలకు ఆ పన్ను లేదు. బుకింగ్‌లో పిల్లల పుట్టిన తేదీలు సరిగ్గా ఇచ్చి, ధర విడివిడిగా చూసుకోండి.

5. డబ్బు, ఇన్సూరెన్స్

లండన్‌లో నోట్ల అవసరం చాలా తక్కువ. బస్సుల్లో అసలు నోట్లు తీసుకోరు. అట్లాగని యూపీఐ మీద ఆశ పెట్టుకోవద్దు. వీసా లేదా మాస్టర్‌కార్డ్ గుర్తున్న ఫారెక్స్ కార్డు (ముందే పౌండ్లు నింపుకునే కార్డు) ఒకటి, విడిగా ఇంకో కార్డు ఒకటి, 100–150 పౌండ్ల నోట్లు సరిపోతాయి. మామూలు క్రెడిట్ కార్డుల్లో చాలా వాటికి విదేశీ ఖర్చు మీద మూడున్నర శాతం దాకా మార్కప్, దాని మీద జీఎస్టీ పడతాయి. లక్ష ఖర్చు పెడితే నాలుగు వేలు ఊరికే పోయినట్టు.

కార్డు గీకినప్పుడు మెషిన్ మీద "రూపాయల్లో కట్టాలా, పౌండ్లలోనా" అని వస్తుంది. రూపాయలు చూడగానే మనసు అటే లాగుతుంది. ప్రతిసారీ పౌండ్లే నొక్కండి. రూపాయల్లో అంటే ఆ షాపు వెనకున్న కంపెనీ తనకు నచ్చిన రేటు వేసుకుంటుంది.

ఏజెన్సీ దగ్గర టూర్ ప్యాకేజీ తీసుకుంటే టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) అదనంగా కట్టాలి. రిటర్నులో సర్దుబాటు అవుతుంది కానీ అప్పటిదాకా ఆ డబ్బు మన చేతిలో ఉండదు. టికెట్, హోటల్ విడివిడిగా కొనుక్కుంటే ఆ బాధ తక్కువ.

ఇన్సూరెన్స్ విషయంలో పీనాసితనం వద్దు. అక్కడి ప్రభుత్వ ఆస్పత్రులు ఊళ్లోవాళ్లకు ఉచితం, మనలాంటి విజిటర్లను చేర్చుకుంటే మామూలు లెక్కకు 150 శాతం బిల్లు వేస్తారు. ఇండియాలో ఉన్నప్పుడే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. అమ్మకున్న బీపీ, షుగర్ దాచకుండా రాశాం, కొంచెం ప్రీమియం పెరిగింది. దాచితే అసలు అవసరం పడ్డప్పుడు క్లెయిమ్ ఇవ్వరు. మందులు చీటీతో సహా చేతి బ్యాగులో ఉండాలి, ప్రయాణం కన్నా వారం రోజులు ఎక్కువకు తీసుకోండి.

6. బస

నగరం మధ్యలో హోటల్ కోసం డబ్బు తగలేయవద్దు. మెట్రో స్టేషన్‌కు ఐదు నిమిషాల నడక దూరంలో, మధ్యకు అరగంటలో చేరే చోటు చూసుకోండి. మేము ఈస్ట్ హ్యామ్‌లో దిగాం. డిస్ట్రిక్ట్ లైన్ మీద ఉంటుంది, కోహినూరు ఉన్న టవర్ ఆఫ్ లండన్ దగ్గరి టవర్ హిల్ స్టేషన్‌కు రైలు మారకుండా వెళ్లొచ్చు. వీధిలో దక్షిణాది హోటళ్లు, కూరగాయల షాపులు, మన పప్పులు దొరికే కొట్లు. అమ్మకు తెలుగు మాట వినిపించినప్పుడల్లా ధైర్యం వచ్చింది. ఇల్ఫర్డ్, వెంబ్లీ, హౌన్‌స్లో కూడా చూడొచ్చు. ప్రీమియర్ ఇన్, ట్రావెలాడ్జ్ లాంటి బడ్జెట్ హోటళ్లలో చాలా ముందు బుక్ చేస్తే రేటు బాగా తగ్గుతుంది. వేసవిలో విద్యార్థులు ఇళ్లకు వెళ్లాక ఎల్ఎస్ఈ లాంటి యూనివర్సిటీలు హాస్టల్ గదులు విజిటర్లకు అద్దెకిస్తాయి. వంటగది వాడుకునే గది దొరికితే ఇంకా మంచిది.

7. బ్యాగులో ఏముండాలి, ఏముండకూడదు

మన వాళ్ల బ్యాగులు తెరిపించేది తిండి వస్తువులే. బ్రిటన్‌లోకి మాంసం, పాల వస్తువులు తీసుకెళ్లనివ్వరు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, కోవా, పాలకోవా, నెయ్యి వద్దు. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు కూడా వద్దు. సకినాలు, గారెప్పలు, మామిడికాయ పచ్చడి, పొడులు నిశ్చింతగా తీసుకెళ్లొచ్చు. పచ్చడి మాత్రం చెక్-ఇన్ బ్యాగులోనే, రెండు కవర్లలో మూట కట్టి, చుట్టూ తువ్వాల చుట్టి. చేతి బ్యాగులో 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవం ఏదీ పోనివ్వరు, పచ్చడిని కూడా అట్లాగే చూస్తారు.

కుడుకలు మన ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, నిప్పు అంటుకునే వస్తువుల లెక్కలో పెట్టారు. ఒడిబియ్యానికో, పూజకో తీసుకెళ్దామనుకునే వాళ్లు గుర్తుంచుకోండి. పవర్ బ్యాంకు మాత్రం చేతి బ్యాగులోనే ఉండాలి. అక్కడి ప్లగ్గు మూడు చదరపు కాళ్లది, ఒక అడాప్టర్ ఇక్కడే కొనుక్కోండి.

8. శంషాబాద్ దాకా

మామునూరులో విమానాలు దిగే రోజు కోసం మన ఊరంతా ఎదురుచూస్తోంది. అది తెరిచినా లండన్‌కు మాత్రం చాలాకాలం శంషాబాదే దిక్కు. హన్మకొండ నుంచి హైదరాబాద్ సుమారు 145 కిలోమీటర్లు. పగటి విమానమైతే వరంగల్ లేదా కాజీపేటలో రైలెక్కి రెండు గంటల్లో సికింద్రాబాద్‌లో దిగి, పుష్పక్ బస్సులో ఎయిర్‌పోర్టుకు వెళ్లడం అన్నిటికన్నా చౌక. గల్ఫ్ వైపు విమానాలు చాలావరకు తెల్లవారుజామున ఉంటాయి. అప్పుడు కారే మేలు. నలుగురుంటే మనిషికి పడేది ఎంతో కాదు. సిటీలోకి దిగకుండా ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కి నేరుగా శంషాబాద్ చేరమని డ్రైవర్‌కు ముందే చెప్పండి. విమానానికి మూడు గంటల ముందు అక్కడుండాలి. దారిలో అరగంట ఏదో ఒకటి అడ్డం పడుతుందని లెక్కేసుకుని బయల్దేరండి.

విమానంలో గంటకోసారి లేచి నాలుగడుగులు వేయించండి, నీళ్లు తాగించండి. ఎక్కగానే గడియారం లండన్ టైమ్‌కు మార్చుకోండి. వేసవిలో మన కన్నా నాలుగున్నర గంటలు, చలికాలంలో ఐదున్నర గంటలు వెనక ఉంటుంది.

9. హీత్రోలో దిగాక

ఇమిగ్రేషన్‌లో అధికారి అడిగేవి సాదా ప్రశ్నలు. ఎందుకొచ్చారు, ఎన్ని రోజులు, ఎక్కడ ఉంటారు. తిరుగు టికెట్, హోటల్ అడ్రసు ప్రింటు చేతిలో ఉంచుకోండి. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లుంటే కుటుంబమంతా ఒకే కౌంటర్‌కు కలిసి వెళ్లొచ్చు.

ఎయిర్‌పోర్టు నుంచి సిటీలోకి మూడు రైళ్లు. హీత్రో ఎక్స్‌ప్రెస్ వేగంగా వెళ్తుంది, అప్పటికప్పుడు కొంటే 2025లో 25 పౌండ్లు. ఎలిజబెత్ లైన్ 2025లో 13.90. పికాడిల్లీ లైన్ అప్పుడు 5.80. మూడూ సిటీ మధ్యకే వెళ్తాయి, దిగే స్టేషన్లు, పట్టే సమయం మాత్రం వేరు. మేము పికాడిల్లీ ఎక్కి హ్యామర్‌స్మిత్‌లో దిగి, అదే ప్లాట్‌ఫారం మీద ఎదురుగా వచ్చే డిస్ట్రిక్ట్ లైన్ పట్టుకున్నాం. సూట్‌కేసులతో ఒక్క మెట్టు కూడా ఎక్కే పని పడలేదు.

రైలు పాసులు, ప్రత్యేక కార్డులు కొనక్కర్లేదు. కాంటాక్ట్‌లెస్ గుర్తున్న ఫారెక్స్ కార్డును రైలు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పసుపు రంగు గుండ్రటి రీడర్‌కు తాకిస్తే చాలు. రోజులో ఎన్నిసార్లు తిరిగినా ఒక పరిమితి దాటి డబ్బు కోయరు. 2025లో నగరం మధ్యనున్న జోన్ 1, 2 లోపల ఆ పరిమితి 8.90 పౌండ్లు ఉండేది, దూరం జోన్లకు ఇంకొంచెం ఎక్కువ. మనిషికో కార్డు ఉండాలి, ఆ రోజంతా అదే కార్డు వాడాలి. ఉదయం ఒక కార్డు, సాయంత్రం ఇంకో కార్డు తాకిస్తే పరిమితి లెక్క తెగిపోతుంది. బస్సు 2025లో 1.75 పౌండ్లు, గంటలోపు ఇంకో బస్సు ఎక్కితే దానికి తీసుకోరు. 11 ఏళ్ల లోపు పిల్లలకు పెద్దవాళ్లతో పాటు ట్యూబ్ (లండన్ మెట్రో)లో ఉచితం. రెండంతస్తుల బస్సులో పైన ముందు సీట్లో కూర్చుంటే అదే టూర్ బస్సు.

10. చూడాల్సినవి

లండన్ ఖరీదైన ఊరే, కానీ అక్కడి గొప్ప మ్యూజియంలు ఉచితం. బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, నేచురల్ హిస్టరీ మ్యూజియం, సైన్స్ మ్యూజియం, విక్టోరియా అండ్ ఆల్బర్ట్, వేటికీ ప్రవేశ టికెట్ లేదు. ఆన్‌లైన్‌లో సమయం బుక్ చేసుకుంటే క్యూ తగ్గుతుంది.

బ్రిటిష్ మ్యూజియంలో జనమంతా ఈజిప్టు మమ్మీల వైపు పరిగెడతారు. మీరు ముందు 33ఏ గదికి వెళ్లండి. ఆ గది తెరిచే ఉందా అని మ్యూజియం సైట్‌లో ముందే చూసుకోండి. మన అమరావతి స్తూపం శిల్పాలు అక్కడున్నాయి. చాలావరకు 1840లలో మద్రాసులోని బ్రిటిష్ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించినవి, 1880లో ఈ మ్యూజియంకు చేరాయి. అద్దాల వెనక, సన్నని వెలుతురులో, పాలరాయిలా మెరిసే సున్నపురాయి పలకలు. ఒక పలక మీద మొత్తం స్తూపాన్నే చెక్కారు. చుట్టూ ప్రాకారం, వాకిట్లో సింహాలు, పైన ఎగిరే గంధర్వులు. అమ్మ చాలాసేపు అక్కడే నిలబడి, ఒక స్త్రీ జడలో చెక్కిన పూలను వేలితో గాలిలో లెక్కపెట్టింది. పక్కన ఎవరో తెల్లవాళ్లు అడిగితే, "మా కృష్ణ ఒడ్డుది" అని తెలుగులోనే చెప్పింది. ఆ గదికి కనీసం గంట పెట్టుకోండి.

చాక్ ఫార్మ్ స్టేషన్ దగ్గర 10, కింగ్ హెన్రీస్ రోడ్‌లో అంబేడ్కర్ 1921–22లో చదువుకుంటూ ఉన్న ఇల్లుంది. మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో కొని మ్యూజియం చేసింది. ఆ చిన్న గదిలో నిలబడ్డప్పుడు కలిగే భావం వేరు. అక్కణ్నుంచి ప్రింరోజ్ హిల్ గుట్టెక్కితే ఊరంతా కనిపిస్తుంది. గ్రీనిచ్ పార్కు, నీస్డెన్ స్వామినారాయణ మందిరం, థేమ్స్ ఒడ్డున సౌత్‌బ్యాంక్ నడక, అన్నీ పైసా ఖర్చు లేనివే. స్కై గార్డెన్ ఉచితమే కానీ ముందు బుక్ చేయాలి.

డబ్బు పెట్టాల్సింది టవర్ ఆఫ్ లండన్‌కు. మనిషికి 35 పౌండ్ల పైచిలుకు. ఇంత చూసినవాళ్లం అక్కడ వెనక్కి తగ్గలేదు. తలుపులు తెరిచే వేళకే వెళ్లి, మిగతావి వదిలి నేరుగా జ్యూయెల్ హౌస్‌కు నడవండి. 1849లో లాహోర్ ఒప్పందం పేరుతో బాలుడైన దులీప్ సింగ్ దగ్గర్నుంచి తీసుకున్న కోహినూరు, 1852లో మళ్లీ సానబట్టించాక 105.6 క్యారెట్లకు తగ్గి, రెండో ఎలిజబెత్ రాణి తల్లి కిరీటం ముందు భాగంలో ఉంటుంది. కిరీటాల ముందు మనుషుల్ని కదిలించే బెల్టు ఉంది, నిలబడనివ్వదు. పొద్దున్నే వెళ్తే జనం ఉండరు, బెల్టు దిగి వెనక్కి తిరిగి మళ్లీ ఎక్కొచ్చు. మేము నాలుగుసార్లు ఎక్కాం. నాలుగోసారి అమ్మ రెండు చేతులూ జోడించింది.

తిండికి ఉదయం గదిలోనే బ్రెడ్డు, అరటిపళ్లు, మధ్యాహ్నం టెస్కో, సైన్స్‌బరీస్ సూపర్‌మార్కెట్లలో మీల్ డీల్ (శాండ్‌విచ్, చిరుతిండి, డ్రింకు కలిపి ఒకే ధరకు ఇచ్చేది), రాత్రి ఈస్ట్ హ్యామ్‌లో దోశ, అన్నం. కుళాయి నీళ్లు తాగొచ్చు, సీసా వెంట ఉంచుకోండి.

11. మా లెక్క

పౌండుకు 120 రూపాయలు అనుకుని వేసుకున్న కాగితం ఇది. ఇద్దరికి వీసా 254 పౌండ్లు. ఏడు రాత్రుల బస, రోజుకు 80 చొప్పున, 560. రైళ్లు, బస్సులు 160. తిండి మనిషికి రోజుకు 20 చొప్పున 280. టవర్, ఒక పడవ ప్రయాణం కలిపి 100. మొత్తం 1,354 పౌండ్లు, అంటే 1,62,480 రూపాయలు. విమానం ఇద్దరికి 1,20,000. కారు, ఇన్సూరెన్స్, ఈసిమ్, అడాప్టర్ కలిపి 15,000. అంతా కలిపి 2,97,480. దీనిపైన ఇరవై వేలు చేతి కింద ఉంచుకోండి, ఖర్చు పెట్టడానికి కాదు, ఒంట్లో బాగోకపోతేనో విమానం ఆగిపోతేనో అక్కరకొస్తాయి.

తిరుగు ప్రయాణంలో శంషాబాద్‌లో దిగేసరికి తెల్లవారుజామున మూడైంది. ఆ వేళ కారు మాట్లాడుకుంటే డబుల్ అడిగారు. బయట బెంచీ మీద కూర్చుని టీ తాగి, తెల్లారాక మొదటి పుష్పక్‌లో సికింద్రాబాద్ వచ్చి, కాజీపేట రైలెక్కాం. ఇంటికొచ్చి, అమ్మ కాళ్లు కడుక్కోకుండానే కాగితం తీసి చివరి గడిలో రైలు టికెట్ డబ్బులు రాసింది.